ఎలుకల బోనుకు కొసరు

ఫౌస్తినో హుయిల్కా దేన్నయినా ముందు తట్టి చూస్తాడు. కుడిచేతి మధ్యవేలు మడిచి, కణుపుతో కొట్టి, చెవి కాస్త వంచి వింటాడు. బట్టీలోంచి తీసిన రొట్టెను తిరగేసి అడుగున తడితే డొల్లగా పలకాలి. పలికితే లోపలంతా కాలినట్టు. రొట్టెలవాళ్ళందరూ చేసే పనే అది. కాని మిగతావాళ్ళు రొట్టె దగ్గర ఆగిపోతారు. ఫౌస్తినో ఆగడు. తలుపును తడతాడు, గుమ్మడికాయను తడతాడు, ఎక్కబోయే బస్సును తడతాడు. నెమెసియాను తనకిమ్మని అడగడానికి వాళ్ళింటికి వెళ్ళిన రోజు, మామగారు కుర్చీ చూపిస్తే కూర్చోకుండా కుర్చీని తట్టాడు. "ఇతను అడగడానికొచ్చాడా, కొనడానికొచ్చాడా?" అన్నాడాయన. చాలా ఏళ్ళ తర్వాత అదే మామగారి శవపేటికను కూడా తట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టారు.

"మంచి చెక్క," అన్నాడు ఫౌస్తినో.

నిజంగానే మంచి చెక్క.

తాంతాపంపా రొట్టెల ఊరు. కుస్కో నగరం నుంచి వచ్చే బస్సు మలుపు తిరగగానే జామాయిల్ కట్టెల పొగ, దాని వెనకే రొట్టె వాసన తగులుతాయి. ఊళ్ళో ప్రతి వీధికీ ఒక బట్టీ ఉంది. ఫౌస్తినో బట్టీ తాత కట్టింది. దాని గోడకు ఆనుకున్న గదిలోనే ఫౌస్తినో పుట్టాడు. ఆ గదిలో చలి తెలియదు. బడిలో చలి ఎక్కువ. అందుకని బడి నుంచి ఇంటికి వచ్చేసేవాడు. అలా రొట్టెలవాడయ్యాడు.

తండ్రి పోయే ముందు కొడుకుకు రెండు మాటలు చెప్పాడు. పిండి కొద్దీ రొట్టె అన్నది మొదటిది. రొట్టెలవాడి నోట ఎలుక అన్న మాట రాకూడదన్నది రెండోది. మొదటి మాట ఊళ్ళో అందరూ చెబుతారు. రెండోదాన్ని ఫౌస్తినో ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, ఇంట్లో భార్య దగ్గర కూడా ఎలుకను "ఆ పెద్దమనిషి" అనేవాడు.

పెద్దమనిషి కోసం ఇంట్లో ఒక పిల్లి ఉంది. దాని పేరు కర్నలు. వయసులో ఉన్నప్పుడు చురుకైన పిల్లి. ఇప్పుడు పదవీ విరమణ చేసిన కర్నలు. బట్టీ పక్కన వెచ్చగా పడుకుని, తన ముందు నుంచి వెళ్ళే పెద్దమనుషులను ఒక కన్ను తెరిచి చూసి, మళ్ళీ మూస్తుంది.

ఆ ఏడు అక్టోబరు చివరికి వచ్చింది. చనిపోయినవాళ్ళ పండగ దగ్గర పడుతోంది. ఆ పండగకు ప్రతి ఇంట్లో రొట్టెబొమ్మలు కావాలి. పసిపాప ఆకారంలో రొట్టె కాల్చి, దానికి రంగులు వేసిన ముఖం గుచ్చుతారు. ఏడాది మొత్తానికీ రొట్టెలవాడి బతుకు ఆ కొద్ది రోజుల్లోనే తేలిపోతుంది. ఏటా ఈపాటికి ఫౌస్తినో గుమ్మం ముందు ఆడవాళ్ళు నిలబడి ఉండేవారు. మాకు ఇన్ని బొమ్మలు, మా అత్తగారి సమాధికి ఇన్ని, ముఖం నవ్వుతున్నట్టు ఉండాలి, అత్తగారికి మాత్రం నవ్వక్కర్లేదు అంటూ చెప్పిపోయేవారు. ఈ ఏడు గుమ్మం ఖాళీగా ఉంది. వచ్చిన ఒకరిద్దరు కూడా పిండి మూటల వైపు అదోలా చూసి, మళ్ళీ వస్తామని వెళ్ళారు.

"ఎవరో పసిగట్టారు," అన్నాడు ఫౌస్తినో.

"ఏం పసిగట్టారు?" అంది నెమెసియా.

"అదే. పెద్దమనిషిని."

"పసిగట్టడమెందుకయ్యా, నిన్న పట్టపగలే వచ్చాడు. ఈసారి కుటుంబంతో దిగినట్టున్నాడు. మూటకు కన్నం పెట్టాడు. బోను కొను."

"ఎక్కడ కొనను?"

"ఎక్కడేమిటి? గుమెర్సిందా కొట్లో."

ఫౌస్తినో ఏడవలేక నవ్వాడు.

దోన్యా గుమెర్సిందా ఇనుప కొట్టు చర్చి వీధి మలుపులో ఉంది. దానికి పేరు లేదు. ఒకప్పుడు బోర్డు ఉండేది. ఎవరో అడిగితే ఆమె అమ్మేసింది. లోపల చీకటిగా ఉంటుంది. మేకులు, గొలుసులు, పారలు, తాళాలు, కొవ్వొత్తులు, గాడిద జీను కుట్టే సూదులు అన్నీ ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఏది ఎక్కడుందో ఆమెకు తెలుసునని అంటారు. అది అబద్ధం. ఆమెకూ తెలియదు. వెతికి, దొరికినదే మీకు కావలసిందని ఒప్పిస్తుంది. ఆమె ఇచ్చిన వాషరు కుళాయికి పట్టకపోతే తప్పు కుళాయిదే.

అయినా ఊరు ఊరంతా అక్కడే కొంటుంది. ఒకరి దగ్గరే కొంటూ పోతే, కొన్నాళ్ళకు అమ్మే మనిషి కసేరా అవుతుంది, కొనే మనిషి కసేరో అవుతాడు. అదొక కట్టుబాటు. పెళ్ళిలాంటిదే గాని పెళ్ళికన్నా గట్టిది. బేరం అయ్యాక కొసరు పడాలి. మేకులు కొంటే ఇంకో మేకు, తాడు కొంటే ఇంకో జానెడు. కొసరు వేయని కొట్టు కొట్టు కాదు. కొసరు అడగనివాడు ఈ ప్రాంతం వాడు కాదు.

గుమెర్సిందా కొసరు ధారాళంగా వేస్తుంది. చిక్కల్లా ఆమె అడిగే ప్రశ్నలతోనే.

"ఒక గడియ కావాలి కసేరా."

"పాత గడియ ఏమైంది నాయనా?"

"విరిగింది."

"ఎలా విరిగింది? లోపలి నుంచి తోస్తే విరిగిందా, బయటి నుంచి తోస్తే విరిగిందా?"

గడియ చేతిలో పడేసరికి, మొగుడూ పెళ్ళాల్లో ఆ రాత్రి బయట పడుకున్నది ఎవరో వెనక వరసలో నిలబడినవాళ్ళందరికీ తెలిసిపోతుంది. ఇక ఎలుకల బోను అడిగితే? అది కూడా రొట్టెలవాడు, పండగ ముందు? సాయంత్రానికి ఊరికి, మర్నాటికి కుస్కోకు చేరుతుంది.

"పోనీ షెడ్డుకు వెళ్ళు," అంది నెమెసియా గొంతు తగ్గించి.

షెడ్డు కుస్కోలో విమానాశ్రయం దారిలో ఉంది. ఇంటికి కావలసినవన్నీ అమ్మే పెద్ద దుకాణం. విమానాలు దాచుకోవచ్చు, అంత పెద్దది. దాని అసలు పేరు ఎవరూ పలకరు. తాంతాపంపాలో ఎవరూ షెడ్డుకు వెళ్ళరు. కాని సగం ఇళ్ళల్లో షెడ్డు కుళాయిలున్నాయి. అడిగితే, బావమరిది తెచ్చాడంటారు. బావమరుదులు లేనివాళ్ళు కూడా.

ఫౌస్తినో మంగళవారం బయలుదేరాడు. ఎవరూ గుర్తుపట్టకూడదని ఆదివారం పెట్టుకునే టోపీ పెట్టుకున్నాడు. బస్టాపు దాకా ఎదురైన ప్రతివాళ్ళూ, "ఏం దోన్ ఫౌస్తినో, మంగళవారం పూట ఆదివారం టోపీ?" అని అడిగారు. బోనును దాచి తేవడానికి చంకలో ఖాళీ పిండి సంచి ఉంది. ఎవరైనా మరీ గుచ్చి అడిగితే చెప్పడానికి అబద్ధం కూడా సిద్ధంగా ఉంది. వంటింట్లో పెంచుకునే గినీపందులు కంత తవ్వుకుని పారిపోతున్నాయి, వాటిని పట్టడానికి బోను కావాలి. దారి పొడుగునా ఆ అబద్ధాన్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు. బాగానే కుదిరింది.

షెడ్డు తలుపులు వాటంతట అవే తెరుచుకున్నాయి. తట్టడానికి వ్యవధి లేకపోయింది.

లోపల చాలా వెలుతురుగా ఉంది. నున్నటి నేలలో తన టోపీ అద్దంలోలా కనిపిస్తోంది. ఎరుపు చొక్కా వేసుకున్న ఒక అమ్మాయి ఎదురొచ్చి, "ఏమైనా చూపించమంటారా అయ్యా?" అంది. వద్దన్నాడు. సరేనని వెళ్ళిపోయింది. ఫౌస్తినో నిలబడి ఆమె వెళ్ళిన వైపే చూశాడు. ఏం కావాలని అడగలేదు. ఎందుకని అడగలేదు. ఎవరికి, ఏం జరిగింది, ఎప్పటి నుంచి, ఏదీ అడగలేదు. హాయిగా అనిపించింది. నాలుగు అడుగులు వేశాక, ఆ హాయిలో కొంచెం వెలితి కూడా తెలిసింది. అంత కష్టపడి కూర్చిన గినీపందుల కథ నోట్లోనే ఉండిపోయింది.

బోను ఎక్కడుందో అడగకూడదు కనుక అన్ని వరసలూ తిరిగాడు. కమోడుల వరసలో ఆలస్యమైంది. తెల్లగా, నున్నగా, ఒక్కొక్కటీ ఒక్కో తీరుగా పలికాయి. వాటిలో ఒకటి అచ్చం చర్చి చిన్నగంటలా మోగింది. మళ్ళీ తట్టబోతుంటే వరస చివర మెలితోన్ కనిపించాడు. మెలితోన్ తాంతాపంపా చర్చిలో గంట కొట్టే, కొవ్వొత్తులు వెలిగించే మనిషి. చేతిలో కొత్త కుళాయి ఉంది.

ఫౌస్తినో వంగాడు. మెలితోన్ కూడా వంగాడు. ఇద్దరికీ తోచింది ఒకే కమోడు. దాని వెనక తలలు ఢీకొన్నాయి.

"మా బావమరిదికి," అన్నాడు మెలితోన్ కుళాయి చూపిస్తూ.

"నేనూ మా బావమరిది పని మీదే వచ్చాను."

"నీకు బావమరిది లేడుగా ఫౌస్తినో."

"నీకున్నాడా?"

మెలితోన్ ఆలోచించాడు. "నేను నిన్ను చూడలేదు," అన్నాడు.

"నేనూ నిన్ను చూడలేదు."

మర్యాదగా తలలూపుకుని చెరో వైపుకు పోయారు.

బోనులు పురుగుమందుల పక్కన, అన్నిటికన్నా అడుగు అరలో ఉన్నాయి. తీగలతో అల్లిన బోను. లోపల కొక్కీ ఉంది, దానికి గుచ్చిన తిండిని లాగగానే తలుపు పడుతుంది. ఫౌస్తినో తట్టాడు. తీగలు సన్నగా మోగాయి. సంచిలో వేసుకుని డబ్బు కట్టే చోటికి వెళ్ళాడు. కౌంటరు అమ్మాయి బోనును యంత్రానికి చూపించి, అది కూతపెట్టాక, డబ్బు తీసుకుని బిల్లు చేతికిచ్చింది.

ఫౌస్తినో కదలలేదు. అరచేయి చాపి నిలబడ్డాడు.

"చిల్లర ఇచ్చేశానయ్యా," అంది అమ్మాయి.

"చిల్లర ముట్టిందమ్మా."

"మరేంటి?"

"అదే... మామూలే కదా."

అమ్మాయి నవ్వి, "మళ్ళీ రండి," అని వెనకాయన సరుకు అందుకుంది.

ఫౌస్తినో పక్కకు జరిగి ఆలోచించాడు. అంతా అర్థమైంది. ఇక్కడ సరుకు ఎవరూ తీసివ్వరు. మనమే వెతుక్కోవాలి, మనమే తీసుకోవాలి, మనమే మోసుకురావాలి. మరి కొసరు మాత్రం వాళ్ళెందుకు వేస్తారు? అది కూడా మనమే తీసుకోవాలి కాబోలు. పద్ధతి కొత్తగా ఉన్నా సబబుగానే ఉంది. కౌంటరు పక్కనే ఒక తొట్టిలో విడి కొక్కేలు పోసి ఉన్నాయి. పెద్దది తీయడం మర్యాద కాదని ఒక చిన్నది ఏరుకున్నాడు. దొంగతనం అనుకోకుండా అమ్మాయి వైపు ఎత్తి చూపించాడు. ఆమె చూడలేదు. "దేవుడు మీ వ్యాపారం చల్లగా చూడాలి," అని చెప్పి, కొక్కెం జేబులో వేసుకుని బయలుదేరాడు.

ద్వారం దగ్గర కాపలా కుర్రవాడు బిల్లు అడిగి, సంచిలోకి చూశాడు.

"జేబులో ఏముంది పెద్దాయనా? ఇందాక ఏదో వేసుకున్నారు."

ఫౌస్తినో సంతోషంగా తీసి చూపించాడు. "కొసరు."

"ఇది బిల్లులో లేదే."

"బిల్లులో ఉంటే అది కొసరెలా అవుతుంది బాబూ?"

కుర్రవాడు బిల్లు మళ్ళీ చూశాడు. మాట నిజమే. "మా అమ్మ సంతలో బంగాళదుంపలు అమ్ముతుంది," అన్నాడు నెమ్మదిగా. "ఆమె కూడా కొసరు వేయందే పంపదు. కాని ఇక్కడ ఆ పద్ధతి లేదు పెద్దాయనా."

"ఎందుకు లేదు? నేను కొన్నానుగా."

"కొన్నారు. కాని లేదు."

"సరే, కొత్త కొట్టు కదా. నెమ్మదిగా నేర్చుకుంటారులే," అని ఫౌస్తినో ముందుకు కదిలాడు. కుర్రవాడు అడ్డం నిలబడాల్సి వచ్చింది. అడ్డం నిలబడ్డాక పైఅధికారిని పిలవాల్సి వచ్చింది. ఆవిడ చేతిలో ఒక వైర్‌లెస్ ఫోను, మెడలో తాళాల గుత్తితో వచ్చింది.

"మీ పేరు?"

ఆ ప్రశ్నకు ఫౌస్తినో జీవితమంతా ఒకే జవాబు చెప్పాడు. ఛాతీ విరుచుకుని చెప్పే జవాబు. నోరు తన పని తాను చేసేసింది.

"ఫౌస్తినో హుయిల్కా. తాంతాపంపా. మా తాత కాలం నుంచీ రొట్టెలు."

అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఆవిడ అప్పటికే ద్వారం పక్కనున్న మైకు అందుకుంది. పైనుంచి వస్తున్న పాట ఆగింది. చక్కని, తీయని గొంతు షెడ్డు అంతటా పరుచుకుంది.

"ఎలుకల బోనుల విభాగం వారు దయచేసి ముందు ద్వారం దగ్గరికి రాగలరు. తాంతాపంపా నుంచి వచ్చిన రొట్టెల వ్యాపారి ఫౌస్తినో హుయిల్కా గారు కొన్న ఎలుకల బోను విషయమై."

ఎవరూ రాలేదు. ఆవిడ మళ్ళీ చదివింది. ఈసారి ఇంకా స్పష్టంగా.

కమోడుల వరసలోంచి మెలితోన్ తల లేచింది. రంగుడబ్బాల వెనక నుంచి ఇంకో తల. దీపాల కింద నుంచి మరొకటి. అన్నీ తాంతాపంపా టోపీలే. ఎవరూ ఎవరినీ చూడనట్టు అందరూ ఫౌస్తినోనే చూస్తున్నారు. అతను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

అప్పుడు తోట సామాను అమ్మే వైపు నుంచి ఒకావిడ వచ్చింది. బూట్లు చేతిలో ఉన్నాయి, కాళ్ళకు మేజోళ్ళు మాత్రమే ఉన్నాయి. పావడా మీద ఉడికించిన మొక్కజొన్న గింజలు అంటుకుని ఉన్నాయి. దోన్యా గుమెర్సిందా.

"ఎవరు నా కసేరోను ఆపింది?"

"కసేరా! మీరిక్కడ..." అన్నాడు ఫౌస్తినో.

"ప్రతి మంగళవారం వస్తాను. చచ్చిందా లేదా అని చూసిపోతాను ఈ షెడ్డు. ఇంకా చావలేదు. అక్కడ ఒక ఉయ్యాల కుర్చీ పెట్టారు, అమ్మకానికి. మంచి కుర్చీ. ఎవరూ కొనకుండా చూసుకుంటున్నాను." అధికారిణి వైపు తిరిగింది. "ఏమైందమ్మా?"

అధికారిణి చెప్పింది. కుర్రవాడు కూడా చెప్పాడు. ఫౌస్తినో అరచేతిలో కొక్కెం పెట్టుకుని చూపించాడు.

"ఇంతేనా?" అంది గుమెర్సిందా.

"లెక్క తప్పుతుందమ్మా. తొట్టిలో సరుకు ఉండాల్సినంత ఉండాలి."

గుమెర్సిందా బూట్లు కుర్రవాడి చేతికిచ్చింది. పావడా జేబులో చేయి పెట్టి వెతికింది. ఒక కొవ్వొత్తి ముక్క, రెండు గుండీలు, సగం తిన్న జున్ను వచ్చాక ఒక కొక్కెం వచ్చింది. కాస్త తుప్పు పట్టింది. దాన్ని తీసుకెళ్ళి తొట్టిలో వేసింది.

"నీ లెక్క నీకు సరిపోయింది. ఆయన జేబులోది నేను వేసిన కొసరు. నా కసేరోకు నేను ఎక్కడైనా వేస్తాను. సరేనా?"

అధికారిణి తొట్టిలోకి చూసింది. లెక్క సరిపోయింది. అయినా ఏదో సరిపోలేదని ఆమె ముఖం చెబుతోంది. కుర్రవాడు మాత్రం బూట్లు రెండు చేతులతో పట్టుకుని, అమ్మను చూసినట్టు గుమెర్సిందాను చూస్తున్నాడు. ఇంతలో ఎలుకల బోనుల విభాగం ఆయన పరుగెత్తుకొచ్చి, "బోను పనిచేయట్లేదా సార్?" అని అందరికీ వినపడేలా అడిగాడు.

తిరుగు బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఫౌస్తినో సంచిని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో కప్పాడు. గుమెర్సిందా మిగిలిన మొక్కజొన్న తింటోంది.

"నువ్వు షెడ్డుకెళ్ళి కొనడం నాకేం నచ్చలేదు," అంది. "నా కసేరోవి కాకపోయుంటే ఆ కొక్కెం కూడా వేసుండేదాన్ని కాదు."

"గినీపందులకు కసేరా," అన్నాడు ఫౌస్తినో. అబద్ధం వాడకుండా పోతుందన్న బాధ ఇంకా ఉంది.

"గినీపందులు బోనులో పడతాయా? గడ్డి చూపిస్తే ఒళ్ళోకొస్తాయి."

ఫౌస్తినో ముందు సీట్లవాళ్ళు వింటున్నారేమో చూశాడు. తర్వాత వంగి, ఆమె చెవి దగ్గర, తండ్రి వద్దన్న మాట పలికాడు.

"ఎలుకలు కసేరా. పిండిలో. షెడ్డులో విన్నవాళ్ళు చెప్పరు, చెబితే నువ్వక్కడికెందుకెళ్ళావంటారు. మీరూ ఎవరికీ చెప్పకండి, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఇప్పటికే ఊళ్ళో ఎవరో పసిగట్టారు. పండగ బొమ్మలకు ఒక్కరూ రావడం లేదు. ఈ పండగ పోతే నా బట్టీ ఆరిపోతుంది."

గుమెర్సిందా నమలడం ఆపింది. తర్వాత నవ్వింది. బస్సు మలుపు తిరిగినా నవ్వు ఆగలేదు.

"ఎలుకలున్నాయనా నీ దగ్గరికి రావట్లేదు? పిచ్చివాడా, లేవని రావట్లేదు!"

"అంటే?"

"ఊళ్ళో రొట్టెలవాళ్ళందరూ పండగ ముందు నా దగ్గర బోన్లు కొంటారు. లోరెన్సా కొంది, ఇసిద్రో కొన్నాడు. పిండి మూటలు దిగితే ఎలుకలొస్తాయి, బోను పెడతారు, పట్టుకుంటారు, ఏట్లో వదిలేస్తారు. అందులో దాపరికమేముంది? మీ నాన్న ఒక్కడే కొనలేదు. ఆయన తర్వాత నువ్వు కొనలేదు. దాంతో ఊరు ఏమనుకుంటుంది? ఫౌస్తినో పిండిని ఎలుక కూడా ముట్టదట అనుకుంటుంది. సున్నం కలుపుతున్నాడేమో అనుకుంటుంది."

ఫౌస్తినో గిర్రున ఆమె వైపు తిరిగాడు.

"సున్నమా! ఎవరన్నారా మాట?"

గుమెర్సిందా కిటికీ వైపు తిరిగింది. "ఈ ఏడు వానలు తొందరగా వచ్చేట్టున్నాయి."

"కసేరా."

"నేనే అన్నాను," అంది. "నవ్వులాటకన్నాను. ఈ మధ్య, ఫౌస్తినో బోను కొనడా అని ఎవరో అడిగారు. నా దగ్గర కొనట్లేదని నాకూ మంటగా ఉంది. నోరు ఊరుకోలేదు."

"అప్పుడు కొట్లో ఎంతమందున్నారు?"

"వరస పొడుగ్గానే ఉంది."

"అయితే రేపు ఆ మాట వెనక్కి తీసుకోండి."

"అమ్మిన సరుకే వెనక్కి తీసుకోను నేను. అన్న మాట తీసుకుంటానా?"

"షెడ్డులో తీసుకుంటారట, బిల్లుంటే."

"అయితే వెళ్ళి షెడ్డులో చెప్పుకో," అంది గుమెర్సిందా. మిగిలిన మొక్కజొన్న అతని చేతిలో పెట్టింది. "నేను ఎన్ని చెప్పినా నమ్మరు నాయనా. కసేరో కోసం అబద్ధం చెబుతోందంటారు. నీ దారి నువ్వే చూసుకోవాలి."

ఇంటికి వచ్చాక నెమెసియాకు అంతా చెప్పాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వి, ఖాళీ గుమ్మం వైపు చూసి ఆపేసింది. అటక మీద కూర్చుని ఉన్న రొట్టెబొమ్మల ముఖాలు, ఇంకా ఒంటికి ఎక్కని ముఖాలు, రంగు కళ్ళతో వాళ్ళిద్దరినీ చూస్తున్నాయి.

పొద్దుగుంకే వేళ బోనులో పెట్టడానికి ఆమె జున్ను ముక్క తెచ్చింది.

"జున్ను వద్దు," అన్నాడు ఫౌస్తినో.

"జున్నుకైతే పరుగెత్తుకొస్తాడయ్యా."

"జున్నుకు ఎవడైనా వస్తాడు. మన రొట్టె పెట్టు."

నెమెసియా జున్ను పక్కన పెట్టింది. ఉదయం కాల్చిన రొట్టెలోంచి మంచి ముక్క కోసి కొక్కీకి గుచ్చింది. ఫౌస్తినో బోనును మూటల పక్కన పెట్టాడు. కర్నలును ఎత్తుకుని గదిలోకి తెచ్చి తలుపు వేశాడు. ఏళ్ళ తరబడి పెద్దమనిషి రాకూడదని మొక్కుకున్నవాడు, ఆ పూట గోడ మీది మేరీమాత పటం ముందు నిలబడి రావాలని మొక్కుకున్నాడు. మొక్కుతుంటే ఒక అనుమానం వచ్చి కూర్చుంది. రాకపోతే? జున్ను లేకుండా, ఉత్త రొట్టెకు, నిజంగానే రాకపోతే? పిండి కొద్దీ రొట్టె. పిండి గురించి తనకు తెలిసింది తను చెప్పుకునేదే కదా. ఎలుక చెప్పేది వేరు. ఎలుకకు మొహమాటం లేదు.

మర్నాడు ఉదయం బోనులో ఎలుక ఉంది. బొద్దుగా, నిగనిగలాడుతూ, బోనుకు అటూ ఇటూ ఒరుసుకుంటూ ఉంది. రొట్టె ముక్కలో పొడి కూడా మిగల్చలేదు. ఫౌస్తినో తొలి విడత రొట్టెలు బట్టీలోంచి తీశాడు, మొహం కడుక్కున్నాడు, బోనును పైన గుడ్డ కప్పకుండా చేత్తో పట్టుకుని బయటికి వచ్చాడు. ఇంటి నుంచి చర్చి వీధికి దగ్గర దారి ఉంది. ఆ దారిన వెళ్ళలేదు. బజారు మీదుగా, బస్టాపు మీదుగా, లోరెన్సా బట్టీ ముందు నుంచి, ఇసిద్రో బట్టీ ముందు నుంచి నడిచాడు. ప్రతి గుమ్మంలోనూ ఆగి, అందరినీ పేరు పెట్టి పలకరించాడు. బోనును ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు, బరువుకు అన్నట్టు.

"అమ్మో, ఏం తిని ఇంత బలిసింది?" అంది ఒకామె.

"ఏముంది, మా పిండే," అన్నాడు ఫౌస్తినో.

గుమెర్సిందా కొట్టు ముందు వరస వీధిలోకి వచ్చి ఉంది. మెలితోన్ ఉన్నాడు, షెడ్డు కుళాయికి వాషరు కోసం. ఫౌస్తినో వరసలో నిలబడలేదు. తిన్నగా లోపలికి వెళ్ళి, బోనును కౌంటరు మీద, వెలుతురు పడే చోట పెట్టాడు. ఎలుక కౌంటరు వైపు, తర్వాత జనం వైపు తిరిగింది.

"ఈ బోను దీనికి ఇరుకైపోయింది కసేరా," అన్నాడు, వీధిలో చివరన ఉన్నవాళ్ళకు కూడా వినపడేలా. "దీని తమ్ముళ్ళు ఇంకా పెద్దవి. మీ దగ్గరున్నవాటిలో అన్నిటికన్నా పెద్ద బోను చూపించండి."